పన్ను నొప్పి తగ్గిందంటే జబ్బు తగ్గినట్టు కాదు

రూట్ కెనాల్ (పంటి లోపల పాడైన నరాన్ని తీసి, శుభ్రం చేసి, నింపే చికిత్స) చేయించుకోవాలని డాక్టరు చెప్పగానే అందరం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నొప్పిగా ఉంటుందా?" ఆ ప్రశ్న అడగడంలో తప్పేం లేదు. కానీ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి, చికిత్స మొదలుపెట్టాలా వద్దా, ఎక్కడ ఆపేయవచ్చు అన్నవన్నీ కూడా మనం నొప్పిని చూసే తేల్చుకుంటున్నాం. చాలా పళ్ళు పోతున్నది అక్కడే. నా ఎడమవైపు కింది దవడ పన్నుకి ఈ చికిత్స జరిగాక, ఇంట్లోవాళ్ళ పళ్ళ సంగతులు కూడా దగ్గరగా చూశాక, నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: పన్ను విషయంలో నొప్పిని నమ్ముకుని నిర్ణయాలు తీసుకోకూడదు. ఉన్నప్పుడు అది సరైన చోటు చెప్పదు. పోయినప్పుడు అసలు సంగతి చెప్పదు.

పన్నుకి పైన కనిపించే గట్టి పొర ఎనామిల్, దాని కింద డెంటిన్. మధ్యలో పంటి వేళ్ళ చివరిదాకా సన్నటి దారి ఉంటుంది, దాన్నే కెనాల్ అంటారు. అందులో ఉండే మెత్తటి పదార్థాన్ని పల్ప్ అంటారు. రక్తనాళాలు, నరాలు అన్నీ అందులోనే. మనం మామూలుగా "పంటి నరం" అనేది దీన్నే. పుచ్చు లోతుగా దిగి దీనిదాకా చేరితే పల్ప్ వాస్తుంది. ఒంట్లో ఇంకెక్కడైనా వాపు వస్తే చర్మం సాగి చోటిస్తుంది. పన్ను లోపల ఆ వీలు లేదు, చుట్టూ గట్టి గోడలే. ఆ ఇరుకులో ఒత్తిడి పెరిగి పోట్లు మొదలవుతాయి. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి ఇంకాస్త పెరుగుతుంది. పగలంతా ఎలాగో ఓర్చుకున్న పన్ను రాత్రి దిండు మీద తల పెట్టగానే నిద్ర పట్టనివ్వకపోవడానికి కారణం ఇదే.

చల్లటి నీళ్ళు తాగినప్పుడు జివ్వుమని, నీళ్ళు మింగిన వెంటనే తగ్గిపోతే, చాలాసార్లు పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలోనే ఉంటుంది. పుచ్చు తీసి సిమెంట్ పెట్టించుకుంటే సరిపోవచ్చు. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాక కూడా నొప్పి అలా సాగుతూ ఉంటే, వేడి కాఫీకి పోటు వస్తే, ఏ కారణం లేకుండా అర్ధరాత్రి సలుపుతో మెలకువ వస్తే, అది ఇక వెనక్కి తిరిగి రాని దశ. ఈ తేడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. మొదటి దశలో వెళ్ళినవాళ్ళకి రూట్ కెనాల్ అవసరమే పడకపోవచ్చు.

చోటు గురించి చెప్పానుగా. నాకు నొప్పి కణత దగ్గరినుంచి చెవిదాకా పాకేది. పై పన్నో కింది పన్నో నాకే తెలిసేది కాదు. డాక్టర్ గారు ఒక్కో పన్నునీ చిన్న అద్దం పిడితో తట్టి చూశారు, దూదికి చల్లటి స్ప్రే కొట్టి ఆనించి చూశారు, తర్వాత ఎక్స్‌రే తీశారు. కింది పన్ను దగ్గర చల్లదనం తగలగానే పోటు మొదలై ఆగలేదు. ఎక్స్‌రేలో ఒక వేరు చివర నల్లటి నీడ కనిపించింది. పై దవడకీ కింది దవడకీ కబుర్లు మోసేది ఒకే పెద్ద నరం తాలూకు కొమ్మలు కాబట్టి మెదడు తికమకపడుతుందని ఆవిడ చెప్పారు. అందుకే "ఈ పన్నే, పీకేయండి" అని వేలుపెట్టి చూపించి పట్టుబట్టడం మంచిది కాదు. పరీక్షలు చేయకుండా మన వేలిని నమ్మి మొదలుపెట్టే డాక్టరు దగ్గర కూడా జాగ్రత్తగా ఉండాలి.

ఇక నొప్పి తగ్గడం. ఇది అసలు ప్రమాదం. వాచిన పల్ప్‌ని అలాగే వదిలేస్తే కొన్నాళ్ళకి అది చచ్చిపోతుంది. చచ్చిన నరానికి నొప్పి ఉండదు. వారం రోజులు ఏడిపించిన పన్ను ఒక పొద్దున హఠాత్తుగా మౌనమైపోతుంది. ఆ మంచిపేరు మెడికల్ షాపులో కొన్న బిళ్ళకో, లవంగానికో, ఉప్పునీళ్ళకో పోతుంది. లవంగాన్ని నేను తక్కువ చేయడం లేదు. లవంగనూనెలో ఉండే యూజెనాల్‌కి నొప్పిని మొద్దుబార్చే గుణం నిజంగానే ఉంది. పళ్ళ డాక్టర్లు తాత్కాలికంగా పెట్టే ఒక రకం సిమెంట్‌లో అదే కలుపుతారు, క్లినిక్‌లో అడుగుపెట్టగానే తగిలే ఆ వాసన దానిదే. కానీ అది నొప్పిని ఆపుతుందే తప్ప పన్ను లోపలి సూక్ష్మక్రిముల్ని బయటికి పంపదు. అవి వేరు చివరినుంచి ఎముకలోకి దిగుతాయి. అక్కడ చీము చేరి నెలల తర్వాతో, ఏళ్ళ తర్వాతో దవడ వాచినప్పుడు గానీ మనకి ఆ పన్ను గుర్తుకు రాదు.

యాంటీబయాటిక్ సంగతి కూడా ఇంతే. పంటి నొప్పి అనగానే షాపువాళ్ళు ఇచ్చే పొట్లంలో అది తప్పకుండా ఉంటుంది. వాచిన పల్ప్ వల్ల వచ్చే నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించలేదు. చచ్చిన పల్ప్‌లోకైతే రక్తం వెళ్ళదు, రక్తం వెళ్ళని చోటికి మందు వెళ్ళదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి వెంటనే పంటి వైద్యం అందుబాటులో ఉంటే, చాలా రకాల పంటి నొప్పులకి యాంటీబయాటిక్ రాయవద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో మార్గదర్శకాలే ఇచ్చింది. జ్వరం, పాకుతున్న వాపు ఉన్నప్పుడు అవసరం వేరు. దవడ కింద, నాలుక కింద వాపు వచ్చి మింగడం గానీ ఊపిరి తీసుకోవడం గానీ కష్టమైతే క్లినిక్ తెరిచేదాకా ఆగకూడదు, ఆ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. కింది దవడ పళ్ళ ఇన్‌ఫెక్షన్ మెడలోకి పాకితే ప్రాణాంతకం.

కుర్చీలో కూర్చున్నాక ఏం జరుగుతుందో ఇప్పుడు వివరంగా చెప్తాను, ఎందుకంటే చెప్పకపోవడం వల్లే సగం భయం.

ముందు చిగురు మీద జెల్ రాస్తారు, తర్వాత మత్తు సూది. మన దగ్గర ఎక్కువగా వాడేది అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్. ఆ అడ్రినలిన్ వల్ల సూది పడిన నిమిషంలో గుండె దడదడలాడవచ్చు, చేతులు కాస్త వణకవచ్చు. కాసేపట్లో సర్దుకుంటుంది. ఈ ఒక్క మాట ముందే తెలిస్తే, "నాకేదో అయిపోతోంది" అని లేచి కూర్చునేవాళ్ళు సగానికి సగం తగ్గుతారు. బీపీ, షుగర్, గుండె జబ్బు, ఏదైనా మందు పడకపోవడం, గర్భం ఇవన్నీ సూదికి ముందే చెప్పాలి. రక్తం పలచబడే బిళ్ళలు వాడేవాళ్ళు వాటిని సొంతంగా ఆపేసి వెళ్ళకూడదు, వాడుతున్నామని చెప్పాలి. ఖాళీ కడుపుతో కూడా వెళ్ళకండి. మత్తు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది, ఈలోగా తింటే బుగ్గా నాలుకా కొరుక్కుంటాం.

నొప్పి మాట తప్పకుండా వినాల్సిన చోటు ఒక్కటి ఉంది, అది ఈ కుర్చీ. బాగా వాచి ఉన్న కింది దవడ పన్నుకి మత్తు ఒక పట్టాన ఎక్కదు. పెదవి పూర్తిగా మొద్దుబారినా పన్ను లోపల మాత్రం తెలుస్తూనే ఉంటుంది. నాకు అదే జరిగింది. డ్రిల్ కాస్త లోపలికి వెళ్ళగానే కరెంటు తగిలినట్టయింది. ముందే అనుకున్న ప్రకారం ఎడమ చెయ్యి ఎత్తాను. ఆవిడ వెంటనే ఆపి, ఇంకో చోట సూది వేసి, ఆగి, చూసి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. "కొంచెం ఓర్చుకోండి" అనే మాట రూట్ కెనాల్‌లో చెల్లదు. అదనపు మత్తుకి దారులున్నాయి. ఓర్చుకోమని మాత్రమే చెప్పే చోట ఓర్చుకోకండి, మళ్ళీ మత్తివ్వమని అడగండి.

తర్వాత పన్ను చుట్టూ పలచటి రబ్బరు షీటు బిగిస్తారు, బిగించాలి. దీన్ని రబ్బర్ డ్యామ్ అంటారు. 1864లో న్యూయార్క్‌లో బార్నమ్ అనే దంతవైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. షీటుకి ఒక రంధ్రం, అందులోంచి ఆ పన్ను ఒక్కటే బయటికి కనిపిస్తుంది. నోట్లోని ఉమ్మి, దాంతోపాటు క్రిములు కెనాల్‌లోకి పోవు. లోపల కడిగే మందు గొంతులోకి జారదు, చేతిలోంచి జారిన చిన్న ఫైలు (కెనాల్‌ని గోకే సన్నటి పనిముట్టు) కడుపులోకి పోదు. ఇంత పాత, ఇంత చవకైన రక్షణని మన ఊళ్ళల్లో చాలా క్లినిక్‌లు వాడవు. టైమ్ పడుతుందంటారు, పేషెంట్‌కి ఇబ్బందంటారు. నాకు ఇబ్బందిగా అనిపించలేదు. నోట్లో నీళ్ళు నిండి గుటక వేయలేని అవస్థే తప్పింది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "రబ్బర్ డ్యామ్ పెడతారా డాక్టర్ గారూ?" అని అడగమని నేను అందరికీ చెప్తున్నాను. అడిగేవాళ్ళు పెరిగితే పెట్టేవాళ్ళూ పెరుగుతారు.

తర్వాతి పనంతా శుభ్రం చేయడమే. పన్ను పైన రంధ్రం చేసి, జుట్టంత సన్నటి ఫైళ్ళతో ఒక్కో కెనాల్‌నీ వెతికి, గోకి, వెడల్పు చేస్తారు. ముందు పన్నుకి సాధారణంగా ఒకటే కెనాల్ ఉంటుంది. కింది దవడ పన్నుకి మూడో నాలుగో, పై దవడ పన్నుకి కూడా అంతే. పై పన్నులో ఆ నాలుగోది దొరకడం కష్టం, వదిలేస్తే తర్వాత ఇబ్బంది పెట్టేది అదే. పొడవు కొలవడానికి చిన్న యంత్రం ఉంటుంది, పెదవికి ఒక కొక్కెం తగిలిస్తారు, అది బీప్ బీప్ అంటుంది, భయపడకండి. వంపు తిరిగిన వేళ్ళలో కూడా వంగుతూ వెళ్ళే నికెల్ టైటానియం ఫైళ్ళ గురించి మొదటి పరిశోధన వచ్చింది 1988లో. మన అమ్మానాన్నల కాలంలో స్టీలు ఫైళ్ళతో చేత్తో చేసిన పని ఇప్పుడు మోటారుతో త్వరగా అవుతోంది. వాళ్ళు చెప్పే భయంకరమైన కథల్ని ఇవాళ్టి చికిత్సకి అంటగట్టకూడదని నేననేది అందుకే. ఒక్కోసారి ఫైలు ముక్క లోపల విరిగిపోతుంది కూడా. మంచి డాక్టర్ల చేతుల్లోనూ జరుగుతుంది. జరిగితే చెప్పాలి, రాసివ్వాలి. దాచడమే తప్పు.

మధ్యమధ్యలో క్లోరిన్ వాసన వస్తుంది. అది సోడియం హైపోక్లోరైట్, మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల గాయాలు కడగడానికి పలచగా చేసి వాడిన మందే. ఫైలు తాకలేని మూలల్లో క్రిముల్ని చంపేది ఇదే కాబట్టి, దీనికి తీరిక కావాలి. పావుగంటలో రూట్ కెనాల్ అయిపోయిందంటే నాకు సంతోషం కాదు, అనుమానం. అన్నీ శుభ్రమయ్యాక కెనాల్స్‌ని గట్టాపర్చా అనే పదార్థంతో నింపి మూసేస్తారు. ఇది మలయా ప్రాంతపు చెట్ల పాలనుంచి వచ్చేది. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ తీగకి నీరు తగలకుండా చుట్టిన తొడుగూ ఇదే. మొత్తం ఒకే సిట్టింగ్‌లో అవ్వచ్చు, చీము ఉన్నా కెనాల్స్ కష్టంగా ఉన్నా రెండు మూడు పట్టవచ్చు. రెండూ సరైన పద్ధతులే. నిజంగా బాధపెట్టేది అంతసేపు నోరు తెరిచి ఉంచడం. పళ్ళ మధ్య పెట్టుకునే చిన్న రబ్బరు దిమ్మ ఇమ్మని అడగండి, దవడకి హాయిగా ఉంటుంది.

ఇప్పుడు మా పిన్ని సంగతి. గోదావరి జిల్లాలో మా ఊరికి దగ్గరి పట్నంలో ఒక క్లినిక్‌లో ఆవిడకి మొదటి సిట్టింగ్ చేశారు. నరం తీశారు, లోపల మందు పెట్టి పైన తాత్కాలికంగా సిమెంట్ వేశారు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. మళ్ళీ రమ్మన్నారుగానీ ఎందుకో, రాకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. కోతలు, తర్వాత పెళ్ళి, తర్వాత సంక్రాంతి. "ఇంకేం పనుందిరా, నొప్పే లేదుగా" అనేది. తాత్కాలిక సిమెంట్ కొన్ని వారాలకోసం పెట్టేది. అది అరిగి, పక్కనుంచి ఉమ్మి లోపలికి దిగింది. ఈసారి పన్ను అడ్డంగా చీలి, బుగ్గ వాచి, చివరికి పీకించుకోవాల్సి వచ్చింది. నేను పిన్నిని తప్పుపట్టను. మూడు వాక్యాలు చెప్పి ఉంటే ఆవిడ తప్పకుండా వెళ్ళేది: "అమ్మా, నొప్పి పోయింది నరం తీశాం కాబట్టి. లోపల ఇంకా ఖాళీగా ఉంది. పదిహేను రోజుల్లో నింపకపోతే పన్ను పోతుంది." ఆ మాటలు చెప్పడం చికిత్సలో భాగం కాదనుకునే డాక్టర్ల మీద నాకు కోపం. రోగికి అర్థం కాదనుకోవడం ఇంకా పెద్ద తప్పు. పొలం లెక్కలు, చీటీల లెక్కలు నోటితో చెప్పే మనిషికి పదిహేను రోజుల గడువు అర్థం కాదా?

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. చికిత్స బాగా జరిగినా రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం, ఆ పన్ను మీద నమిలితే నొప్పిగా ఉంటుంది. లోపల నరం లేదు కదా, మరి నొప్పెక్కడిది అని అడుగుతారు. వేరు చుట్టూ ఉండే పొరలో నరాలు అలాగే ఉంటాయి, అక్కడి వాపు తగ్గడానికి టైమ్ కావాలి. అందుకని "చేయించాక కూడా నొప్పుంది, చెడగొట్టారు" అని రెండో రోజే ఇంకో క్లినిక్‌కి పరుగెత్తక్కర్లేదు. ఇబూప్రోఫెన్, పారాసిటమాల్ లాంటివి చాలామందికి సరిపోతాయి. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పకుండా ఇబూప్రోఫెన్ జోలికి పోకూడదు. రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంటే, వాపు వస్తే, జ్వరం వస్తే, పన్ను ఎత్తుగా తగులుతుంటే ఫోన్ చేయాలి. ఎత్తు తగలడం చిన్న విషయం, రెండు నిమిషాల్లో అరగదీస్తారు. వదిలేస్తే మాత్రం నమిలిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

క్యాప్ దగ్గర, అంటే చికిత్స అయ్యాక పన్ను మీద వేసే తొడుగు దగ్గర, మళ్ళీ నొప్పి మనల్ని మోసం చేస్తుంది. కెనాల్స్ నిండాయి, నొప్పి లేదు, క్యాప్ ఎందుకు, డబ్బు గుంజడానికే అనుకుంటాం. దవడ పన్ను పుచ్చుతో కొంత, చికిత్సకోసం చేసిన రంధ్రంతో కొంత పోగొట్టుకుని ఉంటుంది. మిగిలిన గోడలు పలచన. నమిలే బరువంతా ఆ గోడల మీదే. వక్కపలుకో, చేగోడీయో, అన్నంలో చిన్న రాయో తగిలితే నిలువునా చీలుతుంది, వేరుదాకా చీలితే ఇక ఎవరూ కాపాడలేరు. ముందు పళ్ళకి చాలాసార్లు క్యాప్ అక్కర్లేదు. దవడ పళ్ళకి దాదాపు ఎప్పుడూ కావాలి. పన్ను రంగులో ఉండే జిర్కోనియా క్యాపే వేయించుకోవాలని లేదు. లోపలి పన్నుకి మెటల్ క్యాప్ కూడా గట్టిగా నిలుస్తుంది, ఖర్చు తక్కువ. కావలసింది రంగు కాదు, తొడుగు.

డబ్బు మాట ఎత్తకుండా ఇదంతా చెప్పడం న్యాయం కాదు. క్యాప్ ఖర్చు చాలాచోట్ల రూట్ కెనాల్ ఖర్చుకి తక్కువేం ఉండదు, ఆ సంగతి మొదటి రోజే చెప్పరు. చాలా హెల్త్ పాలసీలు ప్రమాదంలో దెబ్బతింటే తప్ప పళ్ళకి డబ్బివ్వవు. అందుకే ఎక్స్‌రేలు, మందులు, క్యాప్ అన్నీ కలిపి ఎంతవుతుందో మొదటే కాగితం మీద రాయించుకోవాలి. ఇవ్వలేనివాళ్ళకి దారి లేకపోలేదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ బయటికంటే బాగా తక్కువకి చేస్తారు. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఎక్కువసార్లు తిరగాలి, ఎక్కువసేపు కూర్చోవాలి. ప్రతి మెట్టూ ఇంకొకరు తనిఖీ చేశాకే ముందుకెళ్తారన్నది దానికి బదులు దొరికే మేలు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా, అక్కడ దవడ పన్నుకి వెయ్యి డాలర్లు దాటడం మామూలు కాబట్టి, సెలవుల్లో వచ్చి ఇక్కడ చేయించుకుంటారు. వాళ్ళకి చెప్పేది ఒకటే: విమానం దిగిన వారంలోనే మొదలుపెట్టండి, తిరుగు ప్రయాణానికి ముందు పెట్టుకుంటే క్యాప్ లేకుండానే వెళ్ళిపోతారు.

పై పన్ను పీకితే చూపు పోతుందని, నరం తీస్తే మెదడుకి దెబ్బని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. చూపు నరం వేరు, పంటి నరం వేరు. రూట్ కెనాల్ చేసిన పళ్ళు ఒంటికంతటికీ జబ్బులు తెస్తాయని వాట్సాప్‌లో తిరిగే మాటకి వందేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. 1910లో మాంట్రియల్‌లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడి ప్రసంగం, తర్వాత అమెరికాలో వెస్టన్ ప్రైస్ కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాలు దానికి మూలం. ఆ భయంతో లక్షణంగా ఉన్న పళ్ళని కూడా పీకేశారు. తర్వాత జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితాలు నిలబడలేదు, సిద్ధాంతాన్ని వైద్యులు పక్కనపెట్టారు.

పిల్లల విషయంలో ఒక్క మాట. ఆరేళ్ళప్పుడు వెనకాల వచ్చే మొదటి దవడ పన్ను పాల పన్ను కాదు, మళ్ళీ రాదు. ఏ పాల పన్నూ ఊడకుండానే వెనకాల వస్తుంది కాబట్టి "ఎలాగూ ఊడేదేగా" అని పుచ్చినా పట్టించుకోరు. పెద్దయ్యాక రూట్ కెనాల్ దాకా వచ్చే పళ్ళలో తరచుగా ఉండేది అదే.

అన్నీ అయ్యాక ఆరు నెలలకో ఏడాదికో ఒక ఎక్స్‌రే తీయించుకోవాలి. దీన్ని దాదాపు అందరూ ఎగ్గొడతారు, నొప్పి లేదు కాబట్టి. వేరు చివర కరిగిన ఎముక మళ్ళీ నిండుతోందా లేదా అన్నది ఎక్స్‌రేలో తప్ప తెలియదు. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది నెమ్మదిగా జరుగుతుంది. నా ఏడాది ఎక్స్‌రేలో నీడ చాలావరకు పోయింది, ఒక వేరు దగ్గర కొద్దిగా మిగిలింది. అది పూర్తిగా పోవడానికి ఒక్కోసారి నాలుగేళ్ళ దాకా పట్టవచ్చని, ఇప్పుడేమీ చేయక్కర్లేదని, వచ్చే ఏడు మళ్ళీ చూద్దామని డాక్టర్ గారు అన్నారు. ఆ పన్నుతో హాయిగా నములుతున్నాను. అయినా ఆ తేదీకి వెళ్తాను.